బండ ఏమన్నది

గుమ్మెటకు ఒక మూతికే తోలు ఉంటుంది. రెండో మూతి ఖాళీ. ఆ ఖాళీ మూతిని ఎడమ అరచేత్తో మూసి తోలు మీద వేళ్లతో కొడితే కణ్‌మని గట్టి చప్పుడు వస్తుంది. అరచెయ్యి తీసేసి కొడితే లోపలెక్కడో నేల కుంగినట్టు గుమ్మంటుంది. వాయించేవాళ్లకు ఇదేమంత గొప్ప విద్య కాదు. కానీ సుసన్నా ఈ రెండు చప్పుళ్లను పట్టుకుని ఏకంగా బొగ్గుబాయిలోకి దిగింది.

"పిల్లలూ! బాయిల బండ కింద నిలవడేముందు ఏం చెయ్యాలె?" కథ చెప్పే దయాసాగర్ భుజం మీది తంబుర సర్దుకుని అడిగాడు.

"తట్టాలె!" అని పిల్లలు అరిచారు. గనిలో నెత్తి మీద ఉండే రాతి కప్పును అక్కడ అందరూ బండ అనే అంటారు. గోదావరిఖని పిల్లలకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

"తడితె బండ మాట్లాడుతది. ఇనుండ్రి మరి. ఇదేం బండ?"

సుసన్నా మూతి మూసి కొట్టింది. కణ్.

"గట్టి బండ!"

"ఇదో?"

అరచెయ్యి తీసి కొట్టింది. గుమ్.

"డొల్ల బండ!"

క్లబ్బు హాలు కిటికీలు అదిరాయి. ముందు వరస కుర్చీల్లో వెల్ఫేర్ ఆఫీసరు, కాలనీ బడి హెడ్మాస్టరు, చదువుల శాఖ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. ఈ ముగ్గురూ సరేనంటే బుర్రకథ ఈ బొగ్గు బెల్టులో ఉన్న బడులన్నీ తిరుగుతుంది. వద్దంటే అక్కడికక్కడే గుమ్మెట మూట కట్టుకోవాలి. తెలంగాణ గొడవల్లో బడులు మూతబడి మళ్లీ తెరుచుకున్న దగ్గర్నుంచి, పాటన్నది బడి గేటు దాటాలంటే పెద్దల సంతకాలు కావాల్సి వస్తోంది. చిడతలు కొట్టుకుని భజన చేసేవాణ్ణి కూడా నీది ఏ పార్టీ అని అడుగుతున్న రోజులవి.

ఆట అయ్యాక అసలు ఘట్టం వచ్చింది. కథలో మత్తయి టింబర్‌మన్, అంటే బండ కూలకుండా కింద దుంగలు నిలబెట్టేవాడు. బతికున్నప్పుడు సుసన్నాకు మొగుడు, దయాసాగర్‌కు సొంత అన్న. ఆ మత్తయి కర్ర అందుకుని, ఎడమచేతి వేళ్లు బండకు ఆనించి, కుడిచేత్తో తట్టే చోటికి వచ్చేసరికి దయాసాగర్ గొంతు తగ్గించాడు.

"తట్టిండు మా అన్న. బండ ఏమన్నది?"

గుమ్.

"డొల్ల..." ఈసారి పిల్లలు అరవలేదు. మెల్లగా అన్నారు.

అప్పటిదాకా మూతి వంకర్లు తిప్పి నవ్వించిన హాస్యగాడు లింగమూర్తి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆ రోజు మత్తయి వెంట బొగ్గు ఎత్తుతున్న ఫిల్లరు నిజంగా అతనే. "పని చేపిచ్చే సర్దార్ పొమ్మన్నడు. అన్న పోవద్దన్నడు. నేను తట్ట పట్టుకొని అప్పటికే కిందికి పోయిన. అన్న ఉరికొచ్చి నా రెక్క పట్టి ఇవతలికి ఇసిరేసిండు. నేను లేసి సూసేవరకు అన్న లేడు. బండనే ఉన్నది."

ఈ మాట లింగమూర్తి ఎంక్వయిరీలో చెప్పలేదు. బొగ్గు టబ్బుల దగ్గర ఉన్నాను, ఏమీ చూడలేదు అని వేలిముద్ర వేసి వచ్చాడు. తట్టి చూడకుండా పోయి తన అజాగ్రత్తతోనే మత్తయి చనిపోయాడని పైవాళ్లు తేల్చేశారు. తర్వాత లింగమూర్తే సుసన్నా గడపలో కూలబడి, "ఆఫీసర్ల ముందట నోరు పెగలలే వదినె. కథల చెప్త. ఎంతమంది ముందటనన్న చెప్త" అని ఏడ్చాడు. బడిలో ఎవడో పిల్లవాడు సుసన్నా కూతురు రూతును పట్టుకుని "మీ నాయిన ఆయన తప్పుకే సచ్చిండట" అన్న రోజున ఆమెకు లింగమూర్తి మాట గుర్తొచ్చింది. చర్చిలో క్రిస్మస్ పాటలకు వాయించే గుమ్మెటను కొక్కెం నుంచి దింపి తోలు కాచింది. ఏ బడిలో ఆ నింద తిరుగుతోందో ఆ బడిలోనే అందరి ముందూ దాన్ని కడగాలి. ఆమె పంతమల్లా అదొక్కటే.

కథ అయ్యాక ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టబోయి, ఆఫీసరు వైపు చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"చాలా బాగా వచ్చిందయ్యా," అన్నాడు ఆఫీసరు నవ్వుతూ. "సేఫ్టీ గురించి పిల్లలకు ఇంతకంటే చెప్పేదేముంది! దయాసాగర్, నువ్వొక్కడివి లోపలికి రా. కూర్చుని మాట్లాడదాం."

సుసన్నా, లింగమూర్తి వరండాలో కూర్చున్నారు. లింగమూర్తి బీడీ వెలిగించి, ఆనందం పట్టలేక రెండు పీల్పులకే ఆర్పేసి చెవి మీద పెట్టుకున్నాడు. "సూసినవా వదినె, ఇన్‌స్పెక్టర్ సారు కండ్లల్ల నీల్లు! ఇగ మనకు తిరుగులేదు."

లోపలి నుంచి వచ్చిన దయాసాగర్ మాత్రం తలెత్తలేదు. వేళ్లకున్న అందెలను ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. ఇల్లు చేరేదాకా అందెలు తీయడం అతనికి అలవాటు లేదు. దారి పొడుగునా వాటిని మోగించుకుంటూ పోయే మనిషి.

"ఏమన్నరు సాగర్?"

"మంచిగనే ఉన్నదన్నరు వదినె. ఒకటి రెండు మాటలు సదరాలెనట. పర్మిషన్ వస్తది."

ఒకటి రెండు మాటలే కదా అనుకుంది సుసన్నా. ఆ పూట ఇంటికి పోయి రూతుకు బెల్లం వేసి రొట్టెలు చేసి పెట్టింది.

పర్మిషన్ రాలేదు. సుసన్నా దవాఖానాలో ఆయా. సూదులు ఉడకబెట్టడం, కట్ల గుడ్డలు ఉతికి తీగల మీద ఆరేయడం ఆమె పని. ఆరేస్తూ ఆరేస్తూ గేటు వైపు చూసేది. దయాసాగర్ కనబడితే చేతులు చీరకు తుడుచుకుంటూ వెళ్లేది.

"ఏమాయె సాగర్?"

"కాయితం హైద్రాబాద్ పోయిందట వదినె."

"పిల్లలకు గుమ్మెట ఇనిపియ్యనీకి హైద్రాబాద్ దాక పోవాల్నా?"

"సర్కారు పని గట్లనే ఉంటది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యొద్దన్నవాడు ఎందుకో ఆ వారం రూతుకు రిబ్బన్లు తెచ్చిచ్చాడు. ఇంకోరోజు మిఠాయి పొట్లం తెచ్చాడు. వచ్చినప్పుడల్లా గడప అవతలే నిలబడి, చెప్పదలుచుకున్నదేదో నోట్లో నానబెట్టి మింగేసి వెళ్లిపోయేవాడు. అతని గోళ్ల సందుల్లో బొగ్గు లేకపోవడం సుసన్నా కంటపడింది. కంటపడిందే గాని మనసుకు పట్టలేదు. మరిది అంటే ఆమెకు మత్తయి గొంతు ఉన్న మనిషి. ఆ గొంతు మీద అనుమానం ఎట్లా వస్తుంది?

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అతనే గుమ్మెట అడిగాడు. "తోలు సడలింది వదినె. మంచిగ మార్పిచ్చి తెస్త. పర్మిషన్ వచ్చేవరకు తయారుండాలె గద."

సుసన్నా దాన్ని మత్తయి తువ్వాల్లో చుట్టి చేతికిచ్చింది. "పైలం. మట్టిది. అంచు తగిలితే పలుగుతది" అని చెప్పింది. అతను దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని పోయాడు. గుమ్మెట పట్ల అంత జాగ్రత్త చూపినవాడు గుమ్మెట గల మనిషిని గంగలో కలుపుతాడని ఆమె ఎట్లా అనుకుంటుంది!

సంగతి బయటపడింది కాలనీ నల్లా దగ్గర. పక్క వరసలో ఉండే సారలమ్మ తన పిల్లలను తీసుకుని నస్పూర్‌లో చెల్లెలింటికి పోయి ఆ రోజే వచ్చింది. ఆడవాళ్లు బకెట్లు వరసలో పెట్టి కబుర్లాడుతుంటే పిల్లలు కొత్త ఆట మొదలుపెట్టారు. ఇద్దరు చేతులు పైకెత్తి కలిపి బండలాగా నిలబడ్డారు. ఒకడు కర్ర పారేసి, పొట్ట ముందుకు పెట్టి, దర్జాగా ఆ చేతుల కింద నడిచాడు. చేతులు దభీమని అతని నెత్తిన పడ్డాయి. మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ ఎగిరారు.

"మత్తయి మామ తట్టలే! బండ మామను ఇడ్వలే!"

పదాలు కుదిరాయి, తాళం కుదిరింది. నల్లా దగ్గర చిన్న బిందె పట్టుకుని నిలబడ్డ రూతు తప్ప అందరు పిల్లలూ ఒక్కసారికే నేర్చుకున్నారు. మళ్లీ పాడారు. మళ్లీ పాడారు.

సారలమ్మ ముందు నవ్వింది. తర్వాత సుసన్నా ముఖం చూసి కొడుకు వీపున ఒక్కటి చరిచింది. "నోరు ముయ్ రా! ఎక్కడ నేర్సినవురా గీ పాట?"

"నస్పూర్ బడిల అవ్వా! బుర్రకథ చెప్పిండ్రు. రామకృష్ణాపూర్‌ల గూడ చెప్పిండ్రట. లింగమూర్తి కాక నవ్విచ్చి నవ్విచ్చి సంపిండు." దెబ్బ తిన్నవాడు వీపు రుద్దుకుంటూనే ఉత్సాహంగా చెప్పాడు. "సాగర్ కాక కథ చెప్పిండు. రాజం కాక గుమ్మెట కొట్టిండు."

సుసన్నా బకెట్ నిండి పొర్లిపోతోంది. ఎవరూ నల్లా కట్టేయలేదు. ఆమె కాళ్ల మీదుగా నీళ్లు పోయి బురదలో కలుస్తున్నాయి. మొగుడి శవం పైకి తెచ్చిన రోజున కూడా ఆమెకు ఇంత సిగ్గు వేయలేదు. అప్పుడు బండ పడ్డది. బండకు మనసు లేదు. ఇప్పుడు పడ్డది మనిషి చెయ్యి, అదీ తన ఇంట్లో అన్నం తిన్న చెయ్యి. ఇంకా ఘోరం ఏమిటంటే, ఎవరో ఒకరిద్దరు పిల్లల నోట్లో ఉన్న నిందను కడుగుదామని తనే కట్టించిన కథ, ఆ నిందకు పాట కట్టి ఊరూరా పంచిపెట్టింది.

ఇంటికి వచ్చాక రూతు బిందె దింపి అడిగింది. "అమ్మా, నాయిన తట్టలేదా?"

"నీకెరుకలేదా? తట్టిండు."

"మరి సిన్నాయిన తట్టలేదని చెప్పిండట గద. సిన్నాయిన అబద్దం చెప్తడా?"

సుసన్నా పొయ్యి ముట్టించడానికి కూర్చుని, అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా దయాసాగర్ క్వార్టరుకు పోయింది. వాకిట్లో మంచం మీద దయాసాగర్, కింద గోడకు ఆనుకుని లింగమూర్తి ఉన్నారు. ఇద్దరి మధ్యా మత్తయి తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఆమె గుమ్మెట. తోలు పాతదే. మార్చింది తోలు కాదు.

ఆమెను చూసి లింగమూర్తి లేవబోయాడు. లేచి ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. దయాసాగర్ భార్య సుగుణమణి లోపల్నుంచి నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. సుసన్నా తీసుకుని పక్కన పెట్టింది.

"నస్పూర్ పిల్లలు మంచిగ పాడుతున్నరు సాగర్. పాట ఎవలు కట్టిండ్రు?"

లింగమూర్తి నేల మీద వేలితో గీతలు గీస్తూ అన్నాడు. "నవ్వుండాలెనన్నరు వదినె. గది లేకుంటె పిల్లలు కూసోరన్నరు."

సుసన్నా అతని కుడి రెక్క వైపు చూసింది. మత్తయి పట్టి లాగిన రెక్క అది. ఆ చూపుకు లింగమూర్తి తన తలగుడ్డ భుజం మీదికి లాక్కున్నాడు.

దయాసాగర్ మంచం దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఎంక్వయిరీల ఏమున్నదో గదే చెప్పుండ్రి, లేకుంటె కథనే వద్దన్నడు ఆఫీసరు. నేను పేరన్న తీసేస్తనన్న. పేరుంటెనే పిల్లలు నమ్ముతరన్నడు. నన్నేం చెయ్యమంటవు?"

"వద్దంటె వద్దని రాకపోతివి. మన కథ మనింట్ల ఉండేది."

"వదినె, నీకు చెప్పలె గని..." అతను మత్తయి తువ్వాలు అంచు సరిచేశాడు. "అన్న పోయినప్పటి సంది బాయిల నాకు ఊపిరాడుతలేదు. దుంగ కిర్రుమంటె కాళ్లు వణుకుతున్నయి. దిగేముందు దినాం వాంతి చేసుకుంటున్న. దీన్నడుగు. ఆఫీసరు సర్ఫేస్ డ్యూటీ ఇచ్చిండు. ఇగ జన్మల దిగే పని లేదు. ముగ్గురు పిల్లలున్నరు నాకు. పోయినోడు పోయిండు, ఉన్నోల్లం బతకాల్నా వద్దా?"

అబద్ధం చెప్పడం లేదని సుసన్నాకు తెలుసు. అదే ఆమెను మరింత కాల్చింది. దుర్మార్గుడైతే మొహాన ఉమ్మేసి పోయేది. ఇతను భయపడ్డ మనిషి. మత్తయికి తమ్ముడు. తన భయాన్ని అమ్ముకోవడానికి అన్న తప్ప ఇంకేమీ దొరకలేదు ఇతనికి.

"బతుకు. బతకొద్దన్ననా?" అంది. "భయమైతున్నదని నాకు చెప్తే నేనే ఆఫీసరు కాళ్లు పట్టుకుందును. భయం నాకు చెప్పక దాసి, మీ అన్న పేరు ఆఫీసరుకు అమ్ముకున్నవు."

సుగుణమణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మెల్లగా, "అక్కా, శనివారం మన బడిల ఉన్నది కథ. ఆ దినం రూతును తోలకు. పసిపిల్ల, తట్టుకోలేదు" అంది.

"గుమ్మెట ఎవలు కొడ్తరు?"

"రాజానికి గా దినం ఫస్టు షిఫ్టు. మార్పియ్యాలె" అన్నాడు దయాసాగర్.

సుసన్నా వంగి గుమ్మెటను తువ్వాల్లో చుట్టింది. "ఎందుకు మార్పిచ్చుడు? నేను లేనా? పర్మిషన్ ముగ్గురికిచ్చిండ్రు గద."

దయాసాగర్ ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఏడుపు లేదు, కోపం లేదు. ఆమెదీ కంపెనీ ఉద్యోగమే. క్వార్టరు ఉంది, పిల్ల ఉంది. ఒప్పుకుందనే అనుకున్నాడు. అట్లా అనుకోవడం అతనికి సుఖంగా ఉంది.

"నీ ఇష్టం వదినె" అన్నాడు.

శనివారం ముసురు పట్టింది. తేమకు తోలు మెత్తబడితే గుమ్మెట పలకదు. బడి వెనకాల పిల్లలకు ఉప్మా వండే పొయ్యి దగ్గర కూర్చుని సుసన్నా తోలును సెగకు చూపించింది. తిప్పుతూ, వేలితో మీటి వింటూ, మళ్లీ చూపించింది. అది కణ్‌మనేదాకా లేవలేదు. రూతు తల దువ్వి, సిన్నాయిన తెచ్చిన రిబ్బన్లు కాకుండా పాతవే కట్టి, ఆ పొద్దున ఆమే బడికి పంపించింది.

పిల్లలు తరగతుల వారీగా నేల మీద కూర్చున్నారు. మూడో వరసలో రూతు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉంది. కుర్చీల్లో వెల్ఫేర్ ఆఫీసరు, హెడ్మాస్టరు. ఆఫీసరు సుసన్నాను చూసి తల ఊపాడు కూడా. పాపం, అతను కర్కోటకుడేమీ కాదు. గొడవ లేకుండా పని కావాలనుకునే మనిషి.

దయాసాగర్ మధ్యలో నిలబడ్డాడు. ఎడమపక్క లింగమూర్తి, కుడిపక్క సుసన్నా. తంబుర మోగింది, అందెలు మోగాయి, తందాన తాన అంటూ కథ నడిచింది. ఆట దగ్గరికి వచ్చేసరికి పిల్లలు మోకాళ్ల మీద లేచారు.

కణ్. "గట్టి బండ!"

గుమ్. "డొల్ల బండ!"

ఆఫీసరు కూడా నవ్వాడు. కథ మత్తయి దగ్గరికి వచ్చింది. దయాసాగర్ పిల్లలను కాక గోడ మీది గడియారాన్ని చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"తొందరపడ్డడు మత్తయి! కర్ర పక్కకు పారేసిండు! తట్టకుండనే బండ కిందికి నడిచిండు!"

ఇక్కడ గుమ్మెట ఊరుకోవాలి. అట్లాగని మార్చుకున్నారు. సుసన్నా ఎడమ అరచెయ్యి తీసేసి కొట్టింది. గుమ్.

"డొల్ల!" ఆట ఇంకా అయిపోలేదనుకుని పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

దయాసాగర్ అడుగు తడబడింది. తంబుర తీగ మీద వేలు తప్పింది. గొంతు పెంచి మళ్లీ అందుకున్నాడు. "తట్టకుండనే నడిచిండు!"

గుమ్.

"డొల్ల!"

పరిస్థితి చెయ్యి దాటుతోందని లింగమూర్తి గబగబా పాట ఎత్తుకున్నాడు. "మత్తయి మామ..."

"ఆగు తమ్మీ" అంది సుసన్నా.

బుర్రకథలో కుడిపక్క నిలబడ్డవాళ్లకు ఆ హక్కు ఉంది. ఎక్కడైనా కథ ఆపి ఒక ప్రశ్న అడగొచ్చు. జవాబు వచ్చేదాకా కథ కదలదు. అది తాతల నాటి పద్ధతి. చూసేవాళ్లు దాన్ని కథలో భాగమే అనుకుంటారు.

"నువ్వు గా దినం మత్తయి ఎంబడి ఉంటివి గద. చెప్పు. బండ ఏమన్నది?"

లింగమూర్తి నోరు తెరిచాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే కుడి రెక్క మీదికి పోయింది. ఒక్క మాట. ఎంతమంది ముందటనన్న చెప్త అన్న ఆ ఒక్క మాట కోసం సుసన్నా చూస్తూ నిలబడింది. నిన్నటిదాకా చేసిందంతా మరిచిపోవడానికి ఆ క్షణాన ఆమె సిద్ధంగా ఉంది. లింగమూర్తి దయాసాగర్‌ను చూశాడు, ఆఫీసరును చూశాడు. నేల చూశాడు.

"నాకు... యాదికి లేదు వదినె."

మత్తయి రెండోసారి చచ్చిపోయినట్టయింది సుసన్నాకు. మొదటిసారి చీకట్లో, ఎవరికీ కనబడకుండా. ఈసారి పగటిపూట, కూతురి కళ్ల ముందు. గుమ్మెటను కడుపుకు గట్టిగా అదుముకుంది.

తర్వాత పిల్లల వైపు తిరిగింది.

"ఆయనకు యాదికి లేదట. మీకు యాదికున్నదా? బండ ఏమన్నది?"

గుమ్.

"డొల్ల!"

"ఎవలన్న తట్టకుంటె బండ దానంతటదే మాట్లాడుతదా?"

"మాట్లాడది!"

"మరి మత్తయి తట్టిండా? తట్టలేదా?"

పిల్లలు సందేహంగా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కథ చెప్పేవాడు ఒకటి అంటున్నాడు, గుమ్మెట ఇంకొకటి అంటోంది. మూడో వరసలో రూతు లేచి నిలబడింది. గౌను అంచు పిడికిట్లో నలుపుకుంటూ, ఎవరినీ చూడకుండా అంది.

"తట్టిండు."

పక్కనున్న పిల్ల "తట్టిండు" అంది. వెనక వరసలో సారలమ్మ కొడుకు అన్నాడు. ఆపైన గది గదంతా అంది. తట్టిండు, తట్టిండు అని వందమంది పిల్లలు చప్పట్లు కొట్టి పాడుతుంటే, పాట మారిందో లేదో కూడా తెలియకుండా తాళం అట్లాగే సాగిపోయింది. హెడ్మాస్టరు పరుగున పోయి బడి గంట కొట్టించాడు. గంట ఎవరికీ వినిపించలేదు. ఆఫీసరు లేచి, చొక్కా గుండీ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి జీపెక్కాడు.

కథ తిరగడం అంతటితో ఆగింది. కమాన్‌పూర్ బడిలో వేసిన పందిరి వేసినట్టే విప్పేశారు. సుసన్నాను ఎవరూ పిలిపించలేదు, ఏమీ అడగలేదు. దవాఖానాలో సూదులు ఉడకబెడుతూనే ఉంది. కాలనీలో పిల్లలు మాత్రం బండాట మానలేదు. ఇప్పుడు మత్తయి వేషం కట్టేవాడి చేతికి కర్ర ఇస్తున్నారు. నస్పూర్‌లో, రామకృష్ణాపూర్‌లో ఏ పాట పాడుకుంటున్నారో ఆమెకు తెలియదు. అక్కడికి పోయి ఆపే దారి లేదు. అది తలుచుకున్నప్పుడల్లా గెలిచానన్న మాట ఆమె నోటికి రాలేదు.

లింగమూర్తి ఆమెకు ఎదురుపడటం మానేశాడు. దూరం నుంచి చూస్తే సందు మారిపోతాడు. సుసన్నా కూడా పిలవలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే దయాసాగర్ వచ్చి నిలబడ్డాడు. కాళ్లకు బూట్లు, తలకు గని టోపీ, చేతిలో టిఫిన్ డబ్బా. ముఖం పాలిపోయి ఉంది. చొక్కా ముందుభాగం తడిసి ఉంది. దారిలో ఎక్కడో వాంతి చేసుకుని కడుక్కున్నట్టున్నాడు.

"సర్ఫేస్ క్యాన్సిల్ జేసిండ్రు వదినె. గియ్యాల్ల సెకండ్ షిఫ్టుకు దిగుతున్న." టోపీ సర్దుకుని, "నీ కడుపు సల్లవడ్డదా?" అన్నాడు.

సుసన్నా చేట కింద పెట్టింది. చల్లబడిందనుకుంటే అబద్ధం. అచ్చం మత్తయి లాగే డబ్బా పట్టుకుని, మత్తయి లాగే భుజం ఒకవైపు వంచి నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, వద్దు, పోకు, అని చెయ్యి పట్టి ఆపాలనిపించింది. ఆ చెయ్యి గుమ్మెట పట్టుకుపోయిన తీరు గుర్తొచ్చి ఆగిపోయింది. జాలి ఉంది, క్షమ రాలేదు. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

దయాసాగర్ వెనక్కి తిరిగాడు.

"సాగర్" అని పిలిచింది.

అతను ఆశగా ఆగాడు.

"తట్టకుండ బండ కిందికి పోకు."

తల ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తట్టేటప్పుడు పక్కన ఎవలున్నరో గూడ సూసుకో" అంది సుసన్నా. "రేపు వానికి యాదికుండాలె గద."

బాయి మీద సైరన్ కూసింది. దయాసాగర్ డబ్బా చెయ్యి మార్చుకుని, తలవంచుకుని, బాయి తోవ పట్టాడు.